పాదదానము – నిత్యకైంకర్యము

అలిపిరి నుండి కాలినడకన తిరుమల చేరు యాత్రికునకు పాదముల విలువ వేరుగా చెప్పనక్కరలేదు. సుమారు 3,550 మెట్లు. మోకాళ్ళ మిట్ట వచ్చునప్పటికి పిక్కలు పట్టుకొనును, ఊపిరి బరువెక్కును. ఆ పవిత్రమైన కొండపై పాదము మోపుటకు మనసొప్పక శ్రీమద్రామానుజులవారు మోకాళ్ళతో ఎక్కిరని పెద్దలు చెప్పుదురు. స్వామిని సేవించి, తీర్థము పుచ్చుకొని, తలవంచి శఠారి గ్రహించిన పిమ్మటగాని ఆ యాత్ర పూర్తి కాదు. శఠారి యనగా స్వామి పాదములే కదా. తన పాదములతో నడచి వచ్చి ఆయన పాదములను తలపై ధరించి మరలుట వైష్ణవుని యాత్ర.

మన గృహములలో పెద్దలు పరమపదించినప్పుడు ఇచ్చు దానములలో పాదుకాదానము ఒకటి. ఒక చెప్పుల జత, గొడుగు, చేతికర్ర ఇచ్చుట నేటికిని కలదు. పోయినవారి దారిలో ముండ్లు, ఎండ బాధింపకుండ గాక యని దాని భావము. చెప్పులిచ్చుట మనకు తెలిసిన ధర్మమే. చెప్పు తొడుగుటకు పాదమే లేనివానికి ఏమి ఈయవలెను? ఆ పాదమును యుద్ధమే తీసికొని పోయిన దేశములలో అట్టివారు వేలకొలదిగా ఉన్నారు. వారికి చేయు దానము ఎట్టిది, అది ఒకనాటితో ఎందుకు ముగియదు అను విషయము ఇచట విచారింపబడుచున్నది.

ముందుగా ఆ పాదము ఎట్లు పోయినదో తెలియవలెను. 1979 డిసెంబరులో సోవియట్ సేనలు ఆఫ్గనిస్తానమున ప్రవేశించెను. 1989 ఫిబ్రవరిలో అవి మరలిపోయెను. కాని ఆ పదేండ్లలో నేలలో పాతిన మందుపాతరలు మరలిపోలేదు. ఆ తరువాత ఆ దేశస్థులే తమలో తాము పోరాడుచు మరికొన్ని పాతిరి. విమానముల నుండి జారవిడిచిన చిన్న మందుపాతర యొకటి సీతాకోకచిలుక రెక్కల ఆకారములో ఉండుటచే దానికి ఆ పేరే వచ్చినది. పసిపిల్లలు దానిని ఆటవస్తువనుకొని చేతిలోనికి తీసికొనిరి. మందుపాతరకు సంధి యనిన తెలియదు. దానిపై అడుగు పెట్టినది సైనికుడో, గొర్రెలు కాయు కుర్రవాడో, పుల్లలేరుకొను ఇల్లాలో దానికి తెలియదు. మనిషిని చంపుటకంటె కాలు తీయుటకే అది ఎక్కువగా చేయబడినది. గాయపడిన యొక్కని మోయుటకు ఇద్దరు కావలెను గనుక సైన్యము కుంటుపడునని దానిని చేసినవారి లెక్క. ఆ లెక్క సైన్యముల విషయములో ఎంతవరకు నిజమైనదో కాని, పల్లెల విషయములో మాత్రము పూర్తిగా నిజమైనది.

అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ 1988లో కాబూలు నగరమున కృత్రిమావయవముల కేంద్రమును స్థాపించెను. తరువాత మజారె షరీఫ్, హెరాత్, జలాలాబాద్ మొదలగు పట్టణములకు కూడ ఈ పని విస్తరించెను. 1990లో ఆల్బెర్టో కైరో యను ఇటలీ దేశస్థుడు అచటికి వచ్చెను. ఆయన న్యాయశాస్త్రము చదివి, ఆ వృత్తిని విడచి, ఫిజియోథెరపీ నేర్చినవాడు. కొద్దికాలమునకని వచ్చిన ఆయన దశాబ్దముల కొలది అచటనే ఉండిపోయెను.

పాదము చేయుట యెట్లో యెరిగిననేగాని దానము చేయువారికి దాని భారము తెలియదు. గాయము మానగానే పాదము తగిలించుటకు వీలు లేదు. మొండికాలి వాపు తగ్గవలెను, కండరములకు వ్యాయామముతో బలము రావలెను. అందుకు వారములు పట్టును. ఆ మీదట తడిసిన ప్లాస్టరు పట్టీలు చుట్టి అచ్చు తీయుదురు. ఆ అచ్చులో ప్లాస్టరు పోసి మొండికాలికి ప్రతిరూపమును తయారుచేసి, చేతితో గీకి, సవరింతురు. పొయ్యిలో మెత్తబడిన పాలీప్రొపిలీన్ రేకును దానిపై పరచి బిగించినచో కాలికి సరిపోవు తొడుగు వచ్చును. దానికి కాలికమ్మీని, పాదమును కూర్చుదురు. ఇంత చేసినను అది ఇంకను కాలు కాదు. రెండు కమ్మీల నడుమ నిలబడి, కమ్మీలను పట్టుకొని, అడుగుమీద అడుగు వేయుచు రోగి మరల నడక నేర్చుకొనవలెను. తొడుగు ఒక్క నూలు బిగుతైన చర్మము ఒరసి పుండు పడును, వదులైన కాలు జారును. మరల విప్పుట, మరల గీకుట, మరల తొడుగుట. తల్లి బిడ్డకు నడక నేర్పునప్పటి ఓర్పు ఇచట ఎదిగిన మనిషి విషయములో కావలసియుండును. అందును స్త్రీలకు కొలతలు తీయుటకు, నడక నేర్పుటకు స్త్రీలే ఉండవలెను. అచటి ఆచారము అట్టిది.

తిరుపతిలో దేవస్థానమువారు నడుపు బర్డ్ ఆసుపత్రిని చూచిన యాత్రికులకు ఈ ఓర్పు క్రొత్త కాదు. పోలియో మొదలగు వానివలన కాళ్ళ సత్తువ కోల్పోయినవారు, వారి తల్లిదండ్రులు, వరండాలలో గంటలకొలది కూర్చుండుట చూచియే యుందురు. అదే పనిని ఊరిమీద గుండ్లు పడుచుండగా చేయుట యెట్టిదో ఊహింపవలెను. 1992 తరువాత కాబూలు నగరము అట్లే యుండెను. వీథికొక వర్గము, వర్గమునకొక ఫిరంగి.

ఆ దినములలో పోరాటము మిక్కుటమై కృత్రిమావయవముల పని ఇంచుమించు నిలిచిపోయిన సమయమున జరిగిన యొక సంఘటనను కైరో తరువాత పలుచోట్ల చెప్పియున్నాడు. వీథిలో గుండ్లు పడుచుండగా జనులందరు పరుగెత్తుచుండిరి. నడివీథిలో ఒక చక్రాల కుర్చీ. అందులో రెండు కాళ్ళును, ఒక చేయియు లేని మనిషి. అతని కుమారుడు, చిన్నవాడు, ఆ కుర్చీని నెట్టలేక నెట్టుచుండెను. కైరోయు తోడివారును పోయి వారిని చాటునకు చేర్చిరి. ఆ మనిషి అడిగినది కాళ్ళు. యుద్ధ సమయములో కాళ్ళు చేయుట అత్యవసరము కాదని అప్పటివరకు ఉండిన భావన ఆనాటితో పోయెను. గాయము మాన్పుట ఎంత అత్యవసరమో, నడిపించుటయు అంతే అత్యవసరమని పని మరల ఆరంభమయ్యెను.

అతనికి కాళ్ళు వచ్చినవి. పిమ్మట అతడు పని యిప్పించుమని అడిగెను. ఒక్క చేయి గలవాడు కార్ఖానాలో ఏమి చేయునని కైరోకే సందేహము. పరీక్షించి చూడుడని అతడు పట్టుబట్టెను. సరేయని పనిలో నిలుపగా, కొద్ది దినములలోనే అతడు రెండు చేతులున్నవారికంటె వడిగా పని చేయసాగెను. నాటినుండి ఆ కేంద్రములలో పనివారిని వికలాంగులలో నుండియే తీసికొనుట నియమమైనది. అచ్చు తీయువాడు, నడక నేర్పువాడు, లెక్కలు వ్రాయువాడు, ద్వారము కడ నిలుచువాడు కూడ ఒకనాడు అదే ద్వారమున చేతికర్రలతో వచ్చినవారే. క్రొత్తగా కాలు పోగొట్టుకొని నేల చూచుచు వచ్చినవానికి ఎదురుగా, ప్యాంటు మడిచి తన కృత్రిమ పాదమును చూపు పనివాడు చేయు ఉపదేశమును ఏ పండితుడును చేయలేడు.

తొలుత యుద్ధములో గాయపడినవారికే ఉద్దేశింపబడిన ఆ కేంద్రములు కొన్నేండ్లకు అందరికిని తెరువబడెను. పోలియో వచ్చినవారు, వెన్నెముక దెబ్బతిన్నవారు, పుట్టుకతోనే కాలు వంకరయైన శిశువులు వచ్చిరి. మంచము దిగలేనివారి ఇండ్లకే పోయి సేవ చేయుట, పిల్లలకు చదువు, పెద్దలకు చిన్న వ్యాపారమునకు కొంత అప్పు – ఇవి యొకదాని వెంట నొకటి వచ్చి చేరెను. కాలు వచ్చినవాడు నడచి పోవుటకు ఒక చోటు కూడ ఉండవలెను కదా.

ఈ విషయము శ్రీవైష్ణవులకు గురుపరంపరలోనే కలదు. శ్రీరామానుజుల ప్రియశిష్యుడైన కూరేశుడు ఆచార్యుని కాపాడుటకై తానే రామానుజుడనని చోళరాజు సభకు పోయి, అచటి దౌర్జన్యములో కన్నులు కోల్పోయెనని సంప్రదాయ గ్రంథములు చెప్పుచున్నవి. ఆచార్యులవారు దేశము విడచి మేల్కోటకు పోవలసి వచ్చినది. రాజ్యము కల్లోలితమైనప్పుడు సజ్జనునకు కలిగిన అంగవైకల్యమునకు ఇంతకంటె సన్నిహితమైన ఉదాహరణము మనకు లేదు. అయితే ఆ పిమ్మట జరిగినదే గమనింపదగినది. కన్నులు పోయిన కూరేశుని ఎవరును జాలిపడవలసిన వానిగా ఒక మూలను కూర్చుండబెట్టలేదు. ఆయన స్తోత్రములు నేటికిని కోవెలలలో అనుసంధింపబడుచున్నవి. ఆయన స్థానము ఆయనకుండెను. కాబూలు కార్ఖానాలో ఒంటిచేతి మనిషి అడిగినదియు ఆ స్థానమునే.

ఇక మన దేశపు కృషిని గూర్చి. 1960లలో జైపూరు సవాయ్ మాన్‌సింగ్ ఆసుపత్రిలో కాళ్ళు పోయినవారికి విదేశీ నమూనా పాదముల నిచ్చుచుండిరి. అవి బూటులోనే నడచునట్టివి. మన రైతు బూటు తొడుగడు. బురదమడిలో దిగవలెను, నేలపై బాసిపట్లు వేసి భోజనము చేయవలెను, గొంతుకూర్చుండవలెను. అన్నిటికంటె మించి, చెప్పులు విడచి గుడిలోనికి పోవలెను. బూటు విప్పిన నిలువలేని పాదముతో భక్తుడు గుడి వాకిట ఆగిపోవలసినదేనా? రోగులు ఆ పాదములను మూలబెట్టి చేతికర్రలతోనే పోవుచుండిరి. ఆ ఆసుపత్రిలో శిల్పియైన రామచంద్రశర్మ దీనిని గమనించెను. ఆయనకు బడి చదువు అంతగా లేదు. తరతరములుగా వచ్చిన చేతిపని తెలియును. రబ్బరును కాచి గట్టిపరచి, పాదము ఆకారమున, పాదము రంగున, అన్ని వైపులకు వంగు పాదమును ఆయన మలచెను. ఎముకల వైద్యుడు ప్రమోద్ కరణ్ సేఠీ దానికి వైద్యశాస్త్రపు మెరుగులు దిద్దెను. 1968 నాటికి జైపూర్ పాదము రూపొందెను. 1981లో డాక్టర్ సేఠీకి రామన్ మెగసెసే పురస్కారము లభించెను. శిల్పి పేరు లోకములో అంతగా వినబడలేదు. విగ్రహమును చూచినవారు శిల్పి పేరడుగుట మన దేశమున ఎన్నడును తక్కువే.

పాదము రూపొందినను మొదటి కొన్నేండ్లలో అది చేరినవారు కొద్దిమందియే. 1975లో డి.ఆర్. మెహతా జైపూరులో భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితిని స్థాపించిన పిమ్మట అది ఉచితముగా వేలమందికి, తరువాత లక్షలమందికి చేరెను. ఆ సమితి ఆఫ్గనిస్తానము మొదలుకొని అనేక దేశములలో శిబిరములు నడిపినది. ఇరుగుపొరుగున శ్రీలంకలో 1983 నుండి 2009 వరకు సాగిన యుద్ధమున కాళ్ళు పోయిన తమిళులకును, సింహళులకును కూడ ఈ పాదమే ఆధారమైనది. యాళ్పాణమున జైపూర్ పేరుతోనే ఒక పునరావాస కేంద్రము వెలసినది. నేలపై కూర్చుండి భుజించువారికి, మోకరిల్లి నమాజు చేయువారికి, పాదరక్షలు విడచి దేవుని ముందు నిలుచువారికి ఒకే పాదము సరిపోయినది.

కాంబోడియా కథయు ఇట్టిదే. అచటి నుండి పారిపోయి థాయిలాండు సరిహద్దు శిబిరములలో తలదాచుకొన్నవారికి 1980ల ఆరంభమున కొందరు ఫ్రెంచి వైద్యులు వెదురు, కొయ్య, తోలు, పాత టైర్లతోనే కాళ్ళు చేయించిరి. 1982లో ఆ కృషి నుండియే హాండికాప్ ఇంటర్నేషనల్ అను సంస్థ పుట్టెను. కాళ్ళు చేయుచు కూర్చున్న కొలది కాళ్ళు పోవుచునే యుండుట చూచి, ఆ సంస్థ మరికొన్ని సంస్థలతో కూడి 1992లో మందుపాతరల నిషేధోద్యమమును ప్రారంభించెను. 1997 డిసెంబరులో ఒట్టావాలో ఒప్పందము కుదిరెను. ఆ యేడే ఆ ఉద్యమమునకు నోబెల్ శాంతి బహుమతి వచ్చెను. ఐరోపాలోని కొన్ని దేశములు 2025లో ఆ ఒప్పందము నుండి తొలగుటకు నిశ్చయించుకొన్నవి. కనుక ఈ పాదముల పని ఇప్పట్లో ముగియునది కాదు.

ఇంతవరకు చెప్పినదంతయు విన్నవారికి, ఒకసారి ఒక పాదమునకు సొమ్ము పంపిన చాలునని తోచవచ్చును. చిక్కు ఇచటనే యున్నది. ఎనిమిదేండ్ల బాలునికి కాలు పోయినదనుకొందము. అతడు పెరుగుచుండును, పాదము పెరుగదు. ఎముక పెరిగి తొడుగు బిగియును. ఏడాదికొకసారియైన క్రొత్తది కావలెను, ఒక్కొక్కప్పుడు ఆరు నెలలకే. పదునెనిమిదేండ్ల వరకు పది పాదములు. ఆ మీదట మూడు నుండి అయిదేండ్లకొకటి అరిగిపోవును. అరువదేండ్లు బ్రతికినచో మరి పది. ఒక్క బాలునికి ఒక్క జీవితములో ఇరువది పాదములు. నడుమ పట్టీలు తెగుట, పాదము పగులుట, తొడుగు వదులగుట వేరు. మొదటి పాదమునిచ్చిన దాత పేరు పత్రికలో పడును, ఫోటో పడును. పదునాలుగవ పాదము నాటికి ఆ దేశము పేరే పత్రికలో ఉండదు.

కాంబోడియా వార్తల నుండి తొలగెను. బోస్నియా వచ్చెను, పోయెను. ఆఫ్గనిస్తానము వచ్చి, మరుగుపడి, 2021 ఆగస్టులో మరల వచ్చి, మరల మరుగుపడెను. పిమ్మట లోకుల చూపు ఉక్రెయిను వైపును, గాజా వైపును మరలినది. చూపు వెంట సొమ్ము పోవును. 2023లో రెడ్‌క్రాస్ కమిటీకి నిధులు తగ్గి, ఆఫ్గనిస్తానములో 25 ఆసుపత్రులకు తాను ఇచ్చుచుండిన సహాయమును ఆగస్టు చివరకు ముగింపవలసి వచ్చినది. క్రొత్త బాధితులకు ఇచ్చుట తప్పని ఎవరును అనరు. పాతవారి కాళ్ళు మాత్రము ఆ నడుమ అరగక మానవు.

కోవెల సేవ తెలిసినవారికి ఈ భేదము ఇట్టే తెలియును. బ్రహ్మోత్సవములు తొమ్మిది దినములు. లక్షల జనము వత్తురు. మిగిలిన దినములలో తెల్లవారుజామున తలుపు తీయువాడు, నూనె పోయువాడు, ప్రసాదము వండువాడు లేనిచో ఆ తొమ్మిది దినములకును అర్థము లేదు. పల్లవ రాణి సామవై తిరుమలలో వెండి భోగశ్రీనివాసమూర్తిని సమర్పించి ఊరకొనలేదు. ఆ మూర్తికి నిత్యపూజలు, ఉత్సవములు జరుగుటకై భూములను కూడ వ్రాసి యిచ్చినట్లు శాసనములు తెలుపుచున్నవి. మూర్తి నిచ్చుట కంటె దూరదృష్టి ఆ భూముల నిచ్చుటలో కలదు. వేయేండ్లు గడచినను ఆ మూర్తికి ఏకాంతసేవ జరుగుచున్నది.

గీతాచార్యుడు పదునేడవ అధ్యాయమున దానమును మూడు విధములుగా విభజించెను. మరల మేలు చేయలేనివానికి దేశకాల పాత్రముల నెరిగి ఇచ్చునది సాత్త్వికము. ఫలము కోరి ఇచ్చునది రాజసము. ఆదరము లేక, అవమానించుచు ఇచ్చునది తామసము. చివరి మాటను గూర్చి కొంత యోచింపవలెను. విరిగిన చక్రాల కుర్చీలను పెట్టెలకెత్తి పరదేశమునకు పంపు దాతలు కలరు. ఆ కుర్చీ చక్రము పోయిన అక్కడ చక్రము దొరకదు. కొలత సరిపడని కుర్చీలో కూర్చున్న, వెన్నెముక దెబ్బతిని నడుము క్రింద స్పర్శ లేనివానికి తెలియకుండగనే పుండు పడును, ఆ పుండే ప్రాణము తీయును. మొండికాలు కెమెరా వైపు చాపించి ఫోటో తీయించుకొనుటయు ఈ మూడవ జాతికే చెందును. వస్తువు మంచిదే, ఇచ్చిన తీరు దానిని చెడగొట్టును.

కాబట్టి ఇచ్చువారు సంస్థను కొన్ని ప్రశ్నలు అడుగవచ్చును. అడుగుట అమర్యాద కాదు. ఇచ్చిన పాదము విరిగినప్పుడు ఆ మనిషి ఎచటికి పోవలెను? ఆ ఊరిలో బాగుచేయు పనివాడు కలడా? పనివారిలో వికలాంగులు ఎందరు? శిబిరము ఎత్తివేసిన పిమ్మట మరుసటి యేడు మరల వచ్చుచున్నారా? స్త్రీలకు స్త్రీ పనివారున్నారా? నీటి పంపు కడకు, మరుగుదొడ్డి కడకు కుర్చీ పోవు దారి యున్నదా? 2006లో ఐక్యరాజ్యసమితి అంగీకరించిన వికలాంగుల హక్కుల ఒడంబడికలో పదునొకండవ అధికరణము యుద్ధములలోను, విపత్తులలోను వారి రక్షణ ప్రభుత్వముల బాధ్యతయని చెప్పుచున్నది. కాగితము మీది ఆ మాట శిబిరములో గంజి పంచు వరుస కడ ఎట్లు అమలగుచున్నదో అడిగినవారికే తెలియును. వరుసలో నిలువలేనివానికి గంజి తెచ్చి యిచ్చువారు లేనిచో ఆ గంజి అతనికి లేనట్లే.

ఇచట నివసించువారికి జైపూరు వంటి చోట్ల నుండి విదేశములలో శిబిరములు నడుపు మన దేశపు సంస్థలే దగ్గరి దారి. విదేశములలో స్థిరపడిన తెలుగు కుటుంబములకు రెడ్‌క్రాస్ మొదలగు సంస్థలకు నెలనెలా కొంత సొమ్ము పంపు సదుపాయము కలదు. పెద్ద మొత్తము ఒక్కసారి పంపుటకంటె చిన్న మొత్తము విడువక పంపుట ఈ పనికి ఎక్కువ అక్కరకు వచ్చును. పనివానికి జీతము నెలనెలా ఈయవలసియుండును గదా.

ఒక గృహస్థు తన తండ్రి ఆబ్దికము నాడు చెప్పుల జత, గొడుగు దానము చేయును. ఆ దినముననే మరికొంత సొమ్మును వేరుగా తీసి పరదేశమున ఒక పిల్లవాని పాదమునకని ఉంచినచో, ఏటేట తిథి గుర్తుండును, సొమ్ము పంపుటయు గుర్తుండును. మరల ఆబ్దికము వచ్చునాటికి అచట ఆ పిల్లవాడు రెండంగుళములు పెరిగి, పాత పాదము పొట్టిదై, కేంద్రము వాకిట బల్లమీద తన వంతు కొరకు కూర్చుండియుండును.